మీ ప్రశ్న – మా జవాబు: ఏడాదిగా టైమింగ్ తగ్గట్లేదు, స్విమ్మింగ్ మానిపించేద్దామా?

ప్రశ్న: సార్, మావాడికి 14 ఏళ్లు, ఫ్రీస్టైల్‌లో 100, 200 మీటర్లు ఈదుతాడు. పోయినేడు ప్రతి మీట్‌కీ టైమ్ తగ్గేది, ఇప్పుడు ఏడాదైంది, అక్కడే ఆగిపోయాడు. చదువుకునే టేబుల్ పైన డేవిడ్ పోపోవిచ్ పోస్టర్ అంటించుకున్నాడు, "అతను 17కే వరల్డ్ రికార్డ్ కొట్టాడమ్మా, నా వల్ల కాదు" అని ఏడుస్తున్నాడు. వచ్చే ఏడు టెన్త్, మానిపించెయ్యమని వాళ్ల నాన్న అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, చదువు సంగతి తర్వాత, ముందు ఆ పోస్టర్‌లో కుర్రాడి కథ మీవాడు సగమే విన్నట్టున్నాడు, మిగతా సగం నేను చెప్తా, పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

పోపోవిచ్‌ది రుమేనియా, బుకారెస్ట్‌లో 2004 సెప్టెంబర్‌లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు వెన్ను కాస్త వంకరగా ఉందని డాక్టర్ ఈత నేర్పించమంటే పూల్‌లో దింపారు, అంతే తప్ప ఛాంపియన్‌ని చేద్దామని ఎవరూ దింపలేదు. 2022లో 17 ఏళ్లకి బుడాపెస్ట్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో 100, 200 ఫ్రీస్టైల్ రెండూ గెలిచేశాడు, ఒకే వరల్డ్స్‌లో మగాళ్లలో ఆ రెండూ గెలవడం 1973లో జిమ్ మాంట్‌గోమరీ తర్వాత మళ్లీ ఇతనే. ఆగస్టులో రోమ్‌లో 100 మీటర్లు 46.86 సెకన్లు, వరల్డ్ రికార్డ్. పాత రికార్డ్ సీజర్ సియెలోది, 46.91, అది కూడా ఇదే రోమ్ పూల్‌లో 2009లో కొట్టిందే. మీవాడికి తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది.

తర్వాతి ఏడు ఏమైందో చూడండి. 2023 ఫుకువోకా వరల్డ్స్‌లో 200 ఫైనల్లో 150 దాకా ముందున్నాడు, ఆఖరి 50లో చేతులు బరువెక్కిపోయాయి, నాలుగో స్థానం. 100లో ఆరో స్థానం. 2024 ఫిబ్రవరికి వరల్డ్ రికార్డ్ కూడా పోయింది, చైనా కుర్రాడు పాన్ జాన్లే 46.80 ఈదాడు. కాకినాడలో మీవాడు ఆగిపోతే మీకూ వాళ్ల నాన్నగారికీ మాత్రమే తెలుసు, ఇతను ఆగిపోతే ప్రపంచమంతా చూసింది, పైగా ఫుకువోకా నాటికి వయసు 19 నిండలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చే లెక్క ఇంకోటుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్ 200 ఫైనల్లో 16 ఏళ్ల పోపోవిచ్ టైమ్ 1:44.68. మూడోవాడు బ్రెజిల్ ఫెర్నాండో షెఫర్ 1:44.66. అంటే సెకనులో నూరో వంతులు రెండు, అంతే, మెడల్ పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే 200 ఫైనల్, ఈసారి పోపోవిచ్ టైమ్ 1:44.72. టోక్యో కంటే కాస్త నెమ్మది! కానీ గోల్డ్. బ్రిటన్ మాథ్యూ రిచర్డ్స్ 1:44.74, అమెరికా ల్యూక్ హాబ్సన్ 1:44.79. పోయింది రెండు నూరో వంతులే, వచ్చింది కూడా రెండే. రుమేనియా మగాళ్లకి స్విమ్మింగ్‌లో అదే మొదటి ఒలింపిక్ గోల్డ్. నేనైతే ఆ రెండు టైమ్‌లు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను.

100లో మాత్రం పాన్ జాన్లే 46.40 కొట్టి ఎవరికీ అందలేదు, ఇతనికి బ్రాంజ్. 2025 సింగపూర్ వరల్డ్స్‌లో మళ్లీ రెండు గోల్డ్‌లూ ఇతనివే, 100లో 46.51, అంటే 17 ఏళ్లప్పటి తన బెస్ట్ కంటే మూడేళ్లకి తగ్గింది 0.35 సెకను.

ఇప్పుడు మీవాడి సంగతి. మొట్టమొదట ఒకటి కనుక్కోండి, పోయినేటి టైమ్‌లు ఏ పూల్‌లోవి? చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. 25 మీటర్ల పూల్‌లో 200 ఈదితే ఏడు టర్న్‌లు, గోడని ఏడుసార్లు కాళ్లతో తన్ని ముందుకి దూసుకుపోవచ్చు, 50 మీటర్ల పూల్‌లో మూడే. చిన్న పూల్‌లో టైమ్ ఎప్పుడూ తక్కువే వస్తుంది. అక్కడి నంబర్‌ని ఇక్కడి నంబర్‌తో పోలిస్తే పిల్లాడు బాగుపడుతున్నా ఆగిపోయినట్టే కనిపిస్తాడు. రెండోది, ఈ ఏడాదిలో ప్యాంట్లు పొట్టి అయ్యాయా? ఒళ్లు సాగే వయసులో చేతులూ కాళ్లూ పొడవైపోతాయి, పాత స్ట్రోక్ కొత్త ఒంటికి కుదరడానికి టైమ్ పడుతుంది, కోచ్‌ని అడిగితే ల్యాప్‌కి ఎన్ని స్ట్రోకులు వేస్తున్నాడో లెక్కపెట్టి చెప్తారు. 200లో ఒక్కో 50కి ఎంత పట్టిందో కూడా రాయించుకోండి. మూడో 50 దగ్గర చాలామంది తెలియకుండానే నెమ్మదిస్తారు, మొత్తం టైమ్ మారకపోయినా అక్కడ అర సెకను తగ్గిందంటే పిల్లాడు కదులుతున్నట్టే.

టెన్త్‌కి మానిపించడం నాకైతే ఇష్టం లేదు. వారానికి రెండు సెషన్లు తగ్గించండి, మీట్‌లు తగ్గించండి, నీళ్లలోంచి మాత్రం పూర్తిగా తియ్యకండి, ఏడాది పాటు నీళ్లు వదిలేస్తే ఆ పట్టు మళ్లీ రావడానికి చాలా కష్టపడాలి. వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: అన్నా, పారిస్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి 14 ఏళ్ల అమ్మాయి వెళ్లింది కదా, క్వాలిఫై అయిందా, ఊరికే పంపారా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఆ "ఊరికే" అనే మాట తీసెయ్. ధీనిధి దేశింగు బెంగళూరు అమ్మాయి, యూనివర్సాలిటీ కోటాలో వెళ్లింది. ఏ దేశం నుంచి స్విమ్మర్లు ఎవరూ నేరుగా అర్హత సాధించకపోతే ఆ దేశానికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చొప్పున ఇచ్చే సీటు అది. 200 ఫ్రీస్టైల్‌లో తన హీట్‌లో మొదట వచ్చింది, 2:06.96, మొత్తం మీద 23వ స్థానం. ఫైనల్ గెలిచిన ఆస్ట్రేలియా మాలీ ఓకాలహన్ టైమ్ 1:53.27, ఆ దూరం ఎంతో నువ్వే చూడు, దాచాల్సిందేం లేదు. కానీ చిన్నప్పుడు నీళ్లంటే భయపడ్డ పిల్ల, తర్వాతి ఏడు ఉత్తరాఖండ్ నేషనల్ గేమ్స్‌లో 9 గోల్డ్‌లు తెచ్చుకుంది.

ప్రశ్న: ఫ్రీస్టైల్ అంటే ఎలాగైనా ఈదొచ్చా? మా ఊరి చెరువులో ఈదినట్టు ఈదితే ఒప్పుకుంటారా?
– రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఒప్పుకుంటారండీ! రూల్ ప్రకారం ఏ స్ట్రోక్ అయినా వేసుకోవచ్చు, స్టార్ట్ తర్వాత, టర్న్ తర్వాత 15 మీటర్లు దాటి నీళ్ల లోపలే ఉండిపోకూడదు, ప్రతి టర్న్‌లో గోడ తాకాలి. అన్నిట్లోకీ క్రాల్, అంటే బోర్లా పడుకుని ఒక చెయ్యి తర్వాత ఒకటి వేసే ఈత, స్పీడు కాబట్టి అందరూ అదే వేస్తారు. నాలుగు రకాల ఈతలూ వంతులవారీగా ఈదే మెడ్లీ రేసులో మాత్రం మిగతా మూడు స్ట్రోకులు (బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై) ఫ్రీస్టైల్ వంతులో వెయ్యకూడదు.

ప్రశ్న: 2009 నాటి 200 మీటర్ల రికార్డ్ ఇంకా ఎందుకు పడలేదు సార్?
– బ్యాంక్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మగాళ్ల 200 ఫ్రీస్టైల్‌లో జర్మనీ పాల్ బీడర్‌మన్ 1:42.00 గురించేగా. ఆ ఏడు పాలీయురేథేన్ సూట్లు వేసుకుని ఈదారు, ఒంటిని నీళ్ల మీద తేల్చి పెట్టేవి, రోమ్‌లో రికార్డులు వరసపెట్టి పడ్డాయి, 2010 నుంచి బ్యాన్ చేసేశారు. పోపోవిచ్ 2022లో మామూలు బట్ట సూట్‌తో 1:42.97 దాకా వచ్చాడు, ఇంకా 0.97 ఉంది. సెకను కూడా లేదుగా అంటారేమో, పారిస్ ఫైనల్లో మొదటివాడికీ మూడోవాడికీ మధ్య ఉన్నది 0.07.