ర్యాంక్ లిస్ట్ సర్టిఫై చేసేముందు ఒక్కసారి ఇది చదువు తమ్ముడూ

ఏరా, అమెరికాలో రెసిడెన్సీకి, అదే మన పీజీ లాంటి డాక్టర్ ట్రైనింగ్‌కి, ఆరు ఇంటర్వ్యూలు అయ్యాయని పిన్ని చెప్పింది, ఇప్పుడు ర్యాంక్ లిస్ట్‌లో ఏ ప్రోగ్రాం పైన పెట్టాలో తేలక నిద్ర కూడా పోవట్లేదంట కదా.

ముందు ఒకటి, వాళ్ళు నన్ను తీసుకుంటారా లేదా అని లెక్కలేసుకుంటూ పెట్టకు. సీట్లు కేటాయించే మ్యాచ్ అల్గారిథం నీ లిస్ట్ పైనుంచే చూసుకుంటూ వస్తుంది, పైది రాకపోయినంత మాత్రాన కిందవాటిలో నీ ఛాన్స్ తగ్గదు, మన దగ్గర వెబ్ ఆప్షన్లు పెట్టినట్టే అనుకో. దాన్ని ఇప్పుడున్న పద్ధతికి మార్చిన ఆల్విన్ రోత్‌కి 2012లో ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చిందిలే. అస్సలు చేరను అనుకున్నది మాత్రం లిస్ట్‌లో పెట్టకు, మ్యాచ్ అయ్యాక నాకొద్దు అంటే ఊరుకోరు. అలాగని ఊరు చిన్నది, చలెక్కువ అని తీసేయకు, అమెరికా బయట మెడిసిన్ చదివిన మనలాంటి ఐఎంజీలకి ఒక ఏడాది పోతే మళ్ళీ నిలబడటం కష్టం.

నేను చేసిన తప్పు చెప్తా. ఇంటర్వ్యూ రోజు రెసిడెన్సీ తర్వాత చేసే ఫెలోషిప్‌ల స్లైడ్లు చూసి పడిపోయా. చేరాక చూస్తే రాత్రిపూట బ్లడ్ తీసేవాళ్ళే ఉండరు, తెల్లారుజామున నాలుగింటికి శాంపిల్స్ నేనే తీసి, పేషెంట్ స్ట్రెచర్ నేనే సీటీకి తోసుకుంటూ పోయేదాన్ని. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదని రూలు, దాటితే తక్కువ రాసెయ్యమని సీనియర్లే చెప్పేవాళ్ళు. అందుకే ఫ్యాకల్టీ లేనప్పుడు సెకండియర్ వాళ్ళని పట్టుకుని అడుగు, గంటలు ఉన్నవి ఉన్నట్టు రాయనిస్తారా, మధ్యలో వదిలేసి వెళ్ళినవాళ్ళున్నారా అని. సమాధానం కంటే ముందు వాళ్ళ మొహం చూడు. ఇంటర్నల్ మెడిసిన్ కాబట్టి బోర్డ్ పరీక్ష పాస్ శాతం, ఆ పరీక్ష పెట్టే ఏబీఐఎం సైట్‌లో ప్రోగ్రాంల వారీగా ఉంటుంది, అదీ చూసుకో.

వీసా కూడా. హెచ్ వన్ బీ ఇచ్చే చోటైతే యూఎస్ఎంఎల్ఈ లైసెన్స్ పరీక్షలో స్టెప్ త్రీ ముందే అయిపోవాలి. జే వన్ అయితే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాలి, లేదంటే ఆ రూలు నుంచి మినహాయింపు, అదే వేవర్, వెతుక్కోవాలి, కాన్రాడ్ అనే వేవర్ స్కీం కింద ఒక్కో స్టేట్‌కి ఏడాదికి 30 మాత్రమే, అదీ డాక్టర్లు తక్కువున్న ఏరియాల్లో మూడేళ్ళు చెయ్యాలి.

డల్లాస్‌లో బాబాయి ఉన్నాడని డల్లాస్ పైకెక్కించకురా బాబూ, వారానికి దొరికే ఒక్క సెలవు రోజు నిద్రకే సరిపోదు. ఇంకోటి, ప్రిలిమ్‌కీ క్యాటగారికల్‌కీ కోడ్లు వేరు, ప్రిలిమ్ ఒక్క ఏడాదే, క్యాటగారికల్ అంటే పూర్తి ట్రైనింగ్, కోడ్ రెండుసార్లు చూసుకో. సర్టిఫై నొక్కకపోతే లిస్ట్ లెక్కలోకే రాదు, చివరి రోజుదాకా ఉంచకు.

ఆదివారం నాకు ఆఫ్, ఫోన్ చెయ్, ఆ ఆరు పేర్లూ ఒక్కొక్కటి చదువు.

అక్క