బంతి జారిందా, జార్చుకున్నాడా?

సందేహం: మేం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఉంటాం. మా అబ్బాయి ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చదువుతున్నాడు. ఇక్కడి తెలుగువాళ్ల కోసం నడుపుకుంటున్న చిన్న పత్రికలో, 2024లో వాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఎలా ఆడిందో రాశాను. అందులో 'డేవిస్ వారెన్ మూడు ఇంటర్‌సెప్షన్లు విసిరాడు. టర్నోవర్లు పెరగడంతో మిషిగన్‌కు కష్టాలు మొదలయ్యాయి' అని ఉంది. తెనాలిలో ఉన్న మా మావయ్యగారు చదివి, 'టర్నోవర్ పెరిగితే మంచిదే కదమ్మా, కష్టాలెందుకొచ్చాయి?' అని అడిగారు. టర్నోవర్, ఇంటర్‌సెప్షన్, ఫంబుల్, క్వార్టర్‌బ్యాక్ – వీటికి సరైన తెలుగు మాటలేవి? నిఘంటువులో ఇంటర్‌సెప్షన్‌కు 'అడ్డగింపు' అని ఉంది, వాడవచ్చా? ఆటగాణ్ణి 'విసిరాడు' అనాలా, 'విసిరారు' అనాలా?

సమాధానం: మీ మావయ్యగారు అడిగినదాంట్లో తప్పేమీ లేదమ్మా. టర్నోవర్ అనే మాట తెలుగులోకి ఎప్పుడో వచ్చింది, వ్యాపారం పేజీలో స్థిరపడింది. 'ఈ ఏడు కంపెనీ టర్నోవర్ వంద కోట్లు దాటింది' అని చదివే మనిషికి అది పెరగడమంటే లాభమే. మీరు అదే మాటను పూర్తిగా ఎదురు అర్థంలో వాడారు. అరువు మాట వాడటం దోషం కాదు. కానీ ఒక అర్థంతో మన ఇంట్లో కాపురముంటున్న మాటను ఇంకో అర్థంతో పిలిచేటప్పుడు చదివేవాళ్లకు ముందుగా ఒక ముక్క చెప్పాలి. ఫుట్‌బాల్ సంగతీ అంతే. తెనాలిలో ఆ మాటకు కాలితో తన్నే బంతి ఆట అనే అర్థం. మొదట ఒక్కసారి 'అమెరికన్ ఫుట్‌బాల్' అని రాస్తే, తర్వాత ఎలా రాసినా ఇబ్బంది లేదు.

ఇక టర్నోవర్‌కు తెలుగు నామవాచకం కోసం వెతకవద్దని నా సలహా. ఇంగ్లీషువాళ్లు బంతి అవతలి జట్టు చేతికి పోయిన సంఘటనను ఒక పేరులో మూటగట్టేశారు. ఎవరి చేతిలోంచి పోయింది, ఎలా పోయింది, తప్పెవరిది అన్నవేవీ ఆ పేరులో కనపడవు. తెలుగు అలా మూటగట్టదు. మన భాషలో ఆ పని చేసేది క్రియ, ఆ క్రియ ఊరుకోదు. ఎవరి వల్ల జరిగిందో చెప్పేదాకా వదలదు.

నా చిన్నప్పుడు బావిలో చేద పడిపోయింది. తాడు నా చేతిలోనే ఉంది, ముడి ఊడి చేద ఒక్కటే కిందికి పోయింది. చప్పుడు విని నాయనమ్మ పెరట్లోకి వచ్చి అడిగిన మాట ఇప్పటికీ నాకు వినపడుతుంది: 'పడిందా, పడేశావా, పడేసుకున్నావా?' ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు. పడిందంటే ముడి తప్పు. పడేశావంటే కావాలని చేశావు. పడేసుకున్నావంటే చూసుకోలేదు, నష్టమూ నీదే. నాయనమ్మ ఏ వ్యాకరణమూ చదవలేదు. నేను తర్వాత కళాశాలలో ఏళ్ల తరబడి చెప్పిన ఆత్మార్థక పాఠం మొత్తం ఆ మూడు మాటల్లోనే ఉంది.

ఆ మూడోదాన్ని చూడండి. క్రియకు 'కొను' చేరితే పని తిరిగి చేసినవాడి మీదికే వస్తుంది. అమ్మ వంట చేసింది అంటే ఎవరికోసమైనా కావచ్చు, చేసుకుంది అంటే తనకోసమే. మంచి జరిగినప్పుడు అది ఫలం, చెడు జరిగినప్పుడు అది బాధ్యత. 'చెయ్యి కాలింది' అంటే జాలి పడతాం. 'చెయ్యి కాల్చుకుంది' అనగానే, చూసుకోవద్దూ అనే మందలింపు వినపడుతుంది. జారింది, జార్చాడు, జార్చుకున్నాడు అనేవీ ఇదే వరసలో ఉన్నాయి. ఆటల గురించి రాసేవాళ్లు అలవాటుకొద్దీ ఎప్పుడూ మూడోదాన్నే ఎత్తుకుంటారు. నాకు అభ్యంతరం అక్కడే.

మీ మాటల్లో ముందుగా ఫంబుల్ తీసుకుందాం. బంతి పట్టుకున్నవాడి చేతిలోంచి అది జారిపోవడం కదా. దానికి 'చేజారు' ఉంది. చే అంటే చేయి. చేబదులు, చేవ్రాలు అనడంలో ఉన్నది ఆ చే. ఈ రోజుల్లో పత్రికల్లో అవకాశాలు చేజారుతున్నాయి, మ్యాచ్‌లు చేజారుతున్నాయి కానీ, నిజంగా చేతిలోంచి ఏదైనా జారినప్పుడు ఈ మాట వాడటం తగ్గిపోయింది. మీ ఆటలో దానికి మళ్లీ దాని సొంత అర్థం దొరుకుతుంది. దానికి జంట మాట కూడా ఉంది: చేజిక్కు. చే, చిక్కు కలిసి అలా అయింది. ఫంబుల్ అయిన బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది, ఎవరు దానిమీద పడితే వాళ్లది. జార్చినవాడి జట్టే దాన్ని తిరిగి అందుకుంటే అది టర్నోవర్ కిందికే రాదు. 'బంతి చేజారింది, అవతలివాళ్లకు చేజిక్కింది' అన్నారంటే రెండు మెట్లూ స్పష్టంగా చెప్పినట్టే. ప్రత్యర్థి గుద్దో లాగో వదిలించి ఉంటే 'ఊడగొట్టాడు' అనండి, అప్పుడు పని గొప్పతనం ఊడగొట్టినవాడికి చెందుతుంది. ఆ సీజన్‌లో సెప్టెంబరు 7న టెక్సస్‌తో ఆటలో మిషిగన్ మూడుసార్లు బంతి పోగొట్టుకుని 31–12తో ఓడింది. వాటిలో ఒకటి కోల్‌స్టన్ లవ్‌లాండ్ చేజార్చిన బంతి.

జట్టంతటి గురించి చెప్పేటప్పుడు 'పోగొట్టుకుంది' అనడంలో నాకు ఏ సంకోచమూ లేదు, నష్టం జట్టుదే కాబట్టి. టర్నోవర్‌కు మామూలుగా నేను సిఫారసు చేసేది ఇదే. లెక్కల పట్టిక వేస్తే అక్కడ టర్నోవర్ అని రాసి పక్కన 'బంతి పోగొట్టుకోవడం' అని ఒక్కసారి చెప్పండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేక బంతి ఇచ్చేయడం వేరే సంగతి. లెక్కల్లో దాన్ని టర్నోవర్‌తో కలపరు. అక్కడ 'బంతి అప్పగించాల్సి వచ్చింది' అనాలి.

ఇంటర్‌సెప్షన్‌కు అడ్డగింపు పనికిరాదు. ఇది నిఘంటువు తప్పు కాదు. దారిలో ఆపడం అనే అర్థానికి ఆ మాట సరిపోతుంది. కానీ ఈ ఆటలో విసిరిన బంతిని ప్రత్యర్థి చేత్తో కొట్టి నేలమీద పడేయడం కూడా ఉంది. అడ్డుకోవడమంటే అదీ. విసిరిన బంతి నేల తాకితే అక్కడితో ఆట ఆగుతుంది, బంతి మాత్రం విసిరిన జట్టుదగ్గరే ఉంటుంది. ఇంటర్‌సెప్షన్‌లో బంతి పరుల చేతికి పోతుంది. కాబట్టి 'మధ్యలో అందుకున్నాడు' అనండి. కాస్త ఊపు కావాలంటే 'తన్నుకుపోయాడు' అనే మాట మనకు సిద్ధంగా ఉంది. కోడిపిల్లను గద్ద తన్నుకుపోయింది అంటాం చూడండి, అదే. నిజంగా బంతిని తన్నే ఘట్టాలూ ఈ ఆటలో ఉన్నాయి గనుక ఆ పక్క వాక్యంలోనే దీన్ని వాడకండి, చదివేవాడు తికమకపడతాడు. ఓహాయో స్టేట్‌తో ఆటలో మిషిగన్ జట్టు అవతలివాళ్ల గోల్‌లైన్ (బంతితో దాటాల్సిన చివరి గీత) దాకా వచ్చాక, ఓహాయో స్టేట్ తరఫున లైన్‌లో ఆడే జాక్ సాయర్ బంతిని పట్టేసిన తీరుకు గద్ద మాట చక్కగా అతుకుతుంది.

ఇప్పుడు మీ వాక్యం: 'మూడు ఇంటర్‌సెప్షన్లు విసిరాడు'. ఇది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు. వారెన్ విసిరింది బంతిని. దాన్ని ఇంటర్‌సెప్షన్ చేసింది ఇంకొకడు. ఇంకొకడు చేసిన పనిని ఇతడు విసరడమేమిటి? ఇంగ్లీషులో అది నుడికారం, వాళ్లకు చెల్లుతుంది. మన చెవికి కర్త తారుమారైపోతాడు. దీనికి బదులు క్రికెట్ రాతల నుంచి 'సమర్పించుకున్నాడు', 'పారేసుకున్నాడు' తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. వికెట్ పారేసుకున్నాడు అన్న చోట బ్యాట్స్‌మన్ చెత్త షాట్ ఆడాడన్న తీర్పు ఉంది. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని ముందుకు విసిరే ఆటగాడు, ముగ్గురు ప్రత్యర్థులు కాచుకుని ఉన్న చోటికి బంతి విసిరితే అలాగే రాయండి, నేను కాదనను. కానీ సరిగ్గా విసిరిన బంతి సొంత జట్టువాడి అరచేతులకు తగిలి పైకెగిరి ప్రత్యర్థి చేతిలో పడితే? పట్టికలో అది విసిరినవాడి ఖాతాలోకే పోతుంది. పట్టికకు వేరే గడి లేదు, మీ వాక్యానికి ఉంది. 'అతను విసిరిన బంతి జతగాడి చేతికి తగిలి అవతలివాళ్లకు చిక్కింది' అని నిజం నిజంగా రాయవచ్చు.

దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణం చెబుతాను. మీరు రాస్తున్నది విద్యార్థుల గురించి. వారెన్ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు, హైస్కూల్లో ఉండగా లుకేమియా బారిన పడి కోలుకుని వచ్చినవాడు. అంతకు ముందు ఏడాది 15 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయిన జట్టులో, క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ వదిలి వెళ్లిన స్థానంలో నిలబడ్డాడు. మెకార్తీ విసిరిన బంతుల్లో సీజన్ మొత్తంలో నాలుగే పరుల చేతికి చిక్కాయి. వారెన్‌వి మొదటి మూడు ఆటల్లోనే ఆరు. ఈ అంకెలు దాచమనడం లేదు, అవి కఠినమైనవే. కానీ 'జార్చుకున్నాడు' అనే తీర్పును అతని ఆట చూసి రాయాలి, అలవాటుతో కాదు.

క్వార్టర్‌బ్యాక్‌ను అలాగే ఉంచండి. అది స్థానం పేరు. ముందు వరసకూ, వెనక నిలబడే హాఫ్‌బ్యాక్‌లకూ మధ్య పావు దూరంలో నిలబడేవాడని అలా పిలిచారు. 1880లో, ఈ ఆట నియమాలను తీర్చిదిద్దిన వాల్టర్ క్యాంప్ సూచనతో వరస కట్టి ఆడే పద్ధతి వచ్చినప్పుడు అతని పని వెనక్కి అందిన బంతిని పక్కవాడికి ఇవ్వడం. ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది 1906లో. ఇవాళ జట్టంతా అతని చేతి మీద నడుస్తున్నా పేరు మాత్రం పాత పావే. 'పావు వెనుకవాడు' అని తెలుగు చేస్తే మనకూ అర్థం కాదు, వాళ్లకూ అర్థం కాదు. నామవాచకం వాళ్లదే ఉండనివ్వండి, క్రియ మనది కావాలి. వికెట్ వాళ్లది, పడటం మనది. క్యాచ్ వాళ్లది, వదిలేయడం మనది.

మీ రెండో వాక్యంలో మరో చిక్కు కూడా ఉంది. మిషిగన్ కష్టాలన్నీ బంతి పోగొట్టుకోవడం వల్లనే రాలేదు. వారెన్ తర్వాత అలెక్స్ ఓర్జీని దింపారు. సెప్టెంబరు 21న యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) మీద 27–24తో గెలిచినప్పుడు పాసుల మీద, అంటే బంతి ముందుకు విసరడం వల్ల, వచ్చింది మొత్తం 32 గజాలు. అంటే బంతి పోవడం ఒక కష్టం, ముందుకు కదలకపోవడం ఇంకొకటి. ఆ తర్వాత జాక్ టటిల్, మళ్లీ వారెన్. నవంబరు 30న ఓహాయో స్టేట్‌తో ఆటలో వారెన్ విసిరిన రెండు బంతులు అవతలివాళ్లకు చిక్కినా, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్‌వీ రెండు ఇటు చిక్కాయి, 13–10తో మిషిగనే గెలిచింది. డిసెంబరు 31న టాంపాలో అలబామా మొదటి క్వార్టర్‌లోనే (ఆటలో మొదటి పావు భాగంలోనే) మూడుసార్లు బంతి పోగొట్టుకుని మిషిగన్ చేతిలో 19–13తో ఓడింది. ఇంతటి సంగతిని 'టర్నోవర్లు పెరగడంతో' అన్న ఒక్క ముక్కలో కుక్కితే అన్యాయం.

విసిరాడా, విసిరారా అన్నారు. ఆటల రాతల్లో ఆటగాడికి 'డు' వాడటమే మన వాడుక. సచిన్ కొట్టాడు అనే రాశాం, అందులో అగౌరవం లేదు. శిక్షకుడి మాట చెప్పేటప్పుడు 'అన్నారు' అనవచ్చు.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: 'సెప్టెంబరు 14న అర్కన్సా స్టేట్‌తో ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో డేవిస్ వారెన్ విసిరిన బంతులను అవతలివాళ్లు మూడుసార్లు మధ్యలో అందుకున్నారు. మిషిగన్ 28–18తో గెలిచింది. అయినా తర్వాతి ఆటకు క్వార్టర్‌బ్యాక్ మారాడు.'