డాక్టర్ సలహా: వడదెబ్బకు ముందే వేసుకునే మాత్ర ఉందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. నాన్నకు 56 ఏళ్లు, తాపీ పని. బీపీ మందు వాడుతున్నారు. ఈ ఎండల్లో సాయంత్రానికి పిక్కలు పట్టేస్తున్నాయి, తల తిరుగుతోంది. షాపులో ఇచ్చిన నొప్పి మాత్రతో తగ్గుతోంది. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి కదా, వడదెబ్బ తగలకుండా ముందే వేసుకునే మాత్ర ఉందా? ప్రభుత్వం ఏమీ చేయదా?

జవాబు: అలాంటి మాత్ర లేదు. నా టెన్షనంతా ఆ నొప్పి మాత్ర గురించే. పేరు రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటిదైతే ఇవాళే ఆపించండి. చెమటకు ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకు రక్తం సరిగా అందదు. దానిమీద ఈ మాత్ర పడితే, పైగా బీపీ మందు మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకమైతే, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పి తగ్గిందని దాన్ని మంచి మందనుకుంటారు, ముఖం ఉబ్బాక మా దగ్గరికొస్తారు. మూత్రం రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, రంగు ముదిరిందా అన్నది కదా ముందు రాయాల్సింది! మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. రేపే డాక్టరుకు చూపించి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం (ఒంట్లో లవణాలు) రక్త పరీక్షలు చేయించండి. బీపీ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టయితే మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో చిటికెడు వేసుకోవడం కాదు. బీపీ ఉంది కాబట్టి రోజుకు ఎంత తాగాలో డాక్టరునే అడగండి. గంజి, పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) మంచివే, ఉప్పు దట్టించకండి.

ఇక ప్రభుత్వం సంగతి. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు 2 వేల మందికి పైగా పోయారు. ఆ దెబ్బతోనే ముందస్తు ప్రణాళికలు, మధ్యాహ్నం ఆరుబయట పని ఆపించే ఆదేశాలు మొదలయ్యాయి. 2019లో కేంద్రం కూడా వాతావరణ మార్పు, ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమం తెచ్చింది. కానీ కూలి పోతుందంటే పరంజా ఎవరు దిగుతారు? కూలి మాట తేల్చని ప్రణాళిక సగమేనని నా అభిప్రాయం. కాంట్రాక్టరుతో మాట్లాడి ఆరింటికే పని మొదలుపెట్టి పదకొండుకు దిగిపోయే వీలుందేమో చూడండి. ఆసుపత్రికి వెళ్తే ఎండలో పనిచేశారని మీరే చెప్పండి. చెప్పకపోతే చీటీలో 'జ్వరం' అని పడుతుంది, వడదెబ్బ లెక్కలోకి రాదు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెమట పడుతున్నా సరే, అది వడదెబ్బే కావచ్చు. నీడకు చేర్చి ఒంటిమీద నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు. సెలైన్ ఎక్కించే ఆర్‌ఎంపీ కోసం వెతుకుతూ గంట పోగొట్టొద్దు.

రేపు వెళ్లేటప్పుడు ఆ నొప్పి మాత్రల స్ట్రిప్పు, బీపీ మందుల చీటీ రెండూ తీసుకెళ్లండి.