1948 మీద నవల రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివిన. నాయనమ్మ మాట తీరు అచ్చం మన పరకాల దిక్కు మనుషుల తీరే. కానీ నాలుగో అధ్యాయం కాడ నాకు కాలు ఆగింది. ఆగస్టు నెలల జొన్నచేన్ల దాక్కున్న మల్లయ్య, "ఇంకెన్ని రోజులు, వచ్చే నెల యూనియన్ మిలిట్రీ వస్తది" అనుకుంటడు. సెప్టెంబరు 13 నాడు భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యంలకు వచ్చిందని నీకు ఎరుక. మల్లయ్యకెట్ల ఎరుక?

అతనికి ఏం తెలుసో లెక్క వేసుకో. 1947 నవంబరు 29న ఢిల్లీకి, నిజాంకు యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది పాటు ఎక్కడివక్కడే అన్నరు. అంతకు ముందే, సెప్టెంబరు 2న, పరకాలల జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగినయి. ఏడాది కావస్తున్నా రజాకార్లు ఊళ్ల మీద పడుతనే ఉన్నరు. చేతనైనోళ్లు సరిహద్దు దాటి చాందా (ఇప్పటి చంద్రపూర్) క్యాంపుకు పోయిన్రు. పోలేనోళ్లు చేన్లల్ల, గుట్టల్ల పడుకున్నరు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిల వంద మంది దాకా చంపబడ్డరు. ఊరి బురుజు మీదికెక్కి కొట్లాడిన ఊరు అది. సైన్యం కదలడానికి ఇంక పదిహేడు రోజులే ఉన్నయి, బురుజు మీద ఉన్నోళ్లల్ల ఒక్కరికీ ఆ సంగతి తెల్వదు. నీ నవలకు బలం అక్కడ్నే ఉంది. మల్లయ్య నోట్లె నుంచి ఆ ధీమా తీసెయ్. ఈ రాజ్యం ఇట్లనే ఉంటదేమోనన్న భయంతోని అతన్ని ఆ రాత్రి చేన్ల పండనియ్.

చిన్న సంగతులు కూడా చూసుకో. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాల ఉండె, నువ్వు వరంగల్‌ల పెట్టినవ్. అంగట్ల నడిచింది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు (ఇండియా రూపాయలు) వచ్చేవి. పట్వారీ కాయితాలల్ల ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటది.

సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం రేడియోల మాట్లాడిండు. మరునాడు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్, యూనియన్ సైన్యాన్ని నడిపిన జనరల్ చౌదరి ముందర లొంగిపోయిండు. అది హైదరాబాద్ ముచ్చట. మల్లయ్య ఊరికి ఆ వార్త ఎవరు మోసుకొచ్చిన్రు, ఎన్ని రోజులకు? విన్నోళ్లు నమ్మిన్రా? రెండు వారాలకు బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు మీ ఊళ్లె బతుకమ్మ ఆడిన్రా, భయపడి ఇంట్లనే ఉన్నరా? ఎనభై అయిదు దాటిన ఆడోళ్లు ఇంకా కొందరు ఉన్నరు, ఆలస్యం చెయ్యక పోయి అడుగు. తార్నాక ఆర్కైవ్స్‌కు తర్వాతనైనా పోవచ్చు.

ఇంకొకటి, ఇదే నాకు అన్నిటికన్న ముఖ్యం. నీ దర్జీ హుస్సేన్ మూడో అధ్యాయం తర్వాత కనబడడు. అతను రజాకారు కాదని నువ్వే రాసినవ్. మరి సెప్టెంబరు 18 తర్వాత అతనికేమైంది? కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడాది చివర్ల తిరిగి, పోలీసు యాక్షన్ (ఆ సైనిక చర్యకు పెట్టిన పేరు) టైములో, ఆ తర్వాత చచ్చిపోయినోళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటరని అంచనా కట్టింది. ఎక్కువ ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ దిక్కు జరిగింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రానియ్యలేదు. మన దిక్కు అంత ఘోరం జరగకపోయినా, ఆ వారం రోజులు హుస్సేన్ కుటుంబం ఎట్ల నిద్రపోయి ఉంటదో రాయకుండ నువ్వు పండుగ చేస్తే నేను ఒప్పుకోను.

మల్లయ్యది కూడా అక్కడితోని తెగలే. కమ్యూనిస్టుల సంఘం పంచిన చెలక అతని చేతిల ఉంది. పారిపోయిన దొరలు మళ్ల గడీలకు వచ్చిన్రు, ఈసారి వెనక యూనియన్ సైన్యం ఉంది. 1949 ఆగస్టుల జాగీర్లు రద్దయినయి, నిజాం మాత్రం 1950ల రాజ్‌ప్రముఖ్ (గవర్నరు లాంటి పదవి) అయిండు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. నీ నవల సెప్టెంబరు 17న జెండా ఎగరేసి ముగుస్తది. ఇంక మూడేండ్ల కథ మిగిలే ఉంది. ఆ చెలక ఎవరి పాలైందో మీ ఊరి పాత పహాణీల చూసి రాయి.

హుస్సేన్ అధ్యాయం ముందుగాల రాసి పంపు. మిగిలినయి తర్వాత చూద్దాం.