చందా సంగతి తర్వాత, ముందు పాస్‌బుక్ చూడండి

ప్రశ్న: పదకొండేళ్లుగా కార్మిక సంఘంలో సభ్యుడిని. నెలనెలా జీతంలోంచి యూనియన్ చందా, సంక్షేమ నిధి, సంఘం పొదుపు పథకం అని మూడు కోతలు పడతాయి. మా నాయకులు నిధులు సొంతానికి వాడుకున్నారని విచారణ నడుస్తోంది. రెండేళ్లలో మా అబ్బాయి కాలేజీ ఫీజుకు ఆ పొదుపే ఆధారం. రాజీనామా చేసి బయటపడమంటారా?

జవాబు: కోపంలో రాజీనామా మాత్రం ఇవ్వకండి. సభ్యత్వం పోతే ఓటు పోతుంది, లెక్కలు చూపించమని నిలదీసే అవకాశం పోతుంది. తిన్నవాళ్లకు కావాల్సిందీ అదే. అమెరికా ఆటో కార్మికుల సంఘం యూఏడబ్ల్యూలో సభ్యులు చందా కింద నెలకు సుమారు రెండున్నర గంటల జీతం కడతారు. ఆ డబ్బుతో విల్లాలు, గోల్ఫ్, చుట్టలు అనుభవించిన కేసులో మాజీ అధ్యక్షులు గ్యారీ జోన్స్, డెనిస్ విలియమ్స్‌లకు 2021లో జైలు శిక్ష పడింది. అదే ఏడాది చివర్లో సభ్యులు ఓటేసి, అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చుకున్నారు. సంఘంలో ఉన్నారు కాబట్టే ఆ ఓటు వేయగలిగారు.

ఇక మీ డబ్బు. చందా ఖర్చయిపోయేదే, దాన్ని ఆస్తిలో కలపకండి. సంక్షేమ నిధి కింద వచ్చే మరణ సహాయం బీమా పాలసీ కాదు. అది వస్తుందన్న ధీమాతో ఉంటే, ఇప్పుడే సొంతంగా ఒక టర్మ్ పాలసీ తీసుకోండి.

నాకు టెన్షన్ పొదుపు పథకం గురించే. మీరు పంపిన ఫొటోలో పాస్‌బుక్ చివరి ఎంట్రీ పద్నాలుగు నెలల కిందటిది. పే స్లిప్‌లో కోత మాత్రం ఒక్క నెలా ఆగలేదు. అంటే, కోసిన డబ్బు కంపెనీ సంఘానికి జమ చేయలేదు. లేదా సంఘం తీసుకుని మీ ఖాతాలో రాయలేదు. రాయడం బద్ధకించారేమో కూడా, కానీ అలా అనుకుని ఊరుకోకండి. జీతాల విభాగాన్ని నెలవారీ జమ వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఎవరిమీద ఫిర్యాదు చేయాలో ఆ కాగితమే చెబుతుంది. సంఘానికీ బ్యాలెన్స్ ధ్రువీకరణ కోరుతూ లేఖ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటగా 'చూస్తాంలే అన్నా' అంటే వెనక్కి రాకండి.

పొదుపు ఐచ్ఛికమైతే కొత్త కోత ఆపించి, అంతే మొత్తాన్ని మీ పేరుమీద బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఫీజు లెక్క మొత్తం దీనిమీదే వేసుకోండి. పాత డబ్బు వస్తే అదనం అనుకోండి. సంఘం దగ్గర అప్పు ఉంటే వాయిదాలు మానకండి. వాళ్లు దొంగలైనా మీ బాకీ బాకీయే, రసీదు తీసుకుని కట్టండి.

పే స్లిప్‌లు ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటే ఈ వారమే డౌన్‌లోడ్ చేసి ఇంట్లో పెట్టుకోండి.