ఐదో బిడ్డ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అంది పది రోజులైంది. మెచ్చుకోలు ముందే రాస్తే మిగతా ఉత్తరం చదవవని, కోపం తెప్పించిన చోటుతోనే మొదలుపెడుతున్నాను.

హాలిఫాక్స్‌లో నువ్వుంటున్న ఇంటి యజమానురాలి పూర్వీకులు స్కాట్లండ్‌లోని రాస్‌షైర్ కొండల నుంచి వచ్చారన్నావు. నలుగురు పిల్లల బాప్తిస్మాలు పారిష్ రిజిస్టరులో, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పుస్తకంలో, దొరికాయి. 1844లో పుట్టిన ఐదో బిడ్డ జాడ లేదు. అంతవరకు చెప్పి ఊరుకోవలసింది. నువ్వు ఊరుకోలేదు. దేవుడి మీద అలిగిన తల్లి ఆ బిడ్డకు బాప్తిస్మమే ఇప్పించలేదని రెండు పేజీలు ఏడిపించావు.

అంతకు ముందు ఏడాది, 1843 మే 18న, ఎడిన్‌బరోలో స్కాట్లండ్ చర్చి చీలిపోయింది. భూస్వాములు తమకు నచ్చిన పాస్టరును ఊళ్ల మీద రుద్దడం ఇక చెల్లదని, 450 మందికి పైగా పాస్టర్లు జీతాలూ ఇళ్లూ వదులుకుని బయటికి నడిచారు. ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. ఉత్తరాది కొండల్లో జనం చాలావరకు వాళ్ల వెంటే వెళ్లారు. నువ్వు తిరగేసింది పాత చర్చి పుస్తకం. బిడ్డ కొత్త చర్చి పుస్తకంలో ఉండి ఉంటుంది, లేదా ఆ పుస్తకమే పోయి ఉంటుంది. ఇందులో అలక ఎక్కడిది?

రిజిస్టరు తెరవగానే దాన్ని ఎవరు రాశారు, డబ్బు ఎవరు కట్టారు అని అడగాలమ్మా. అక్కడ పెళ్లి అని కనిపించేది చాలాసార్లు పెళ్లి కాదు, పెళ్లి జరగబోతోందని చర్చిలో వేసిన చాటింపు. చావుల పుస్తకం అనేక పారిష్‌లలో లేనే లేదు. ఉన్నచోట తరచు దొరికేది శవం మీద కప్పే గుడ్డకు కట్టిన అద్దె లెక్క. ఆ గుడ్డ చర్చిది. అద్దె కట్టలేనివాడి చావు పుస్తకానికి ఎక్కకుండానే పోవచ్చు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను కూడా ఉండేది. ఎంతమంది ఎగ్గొట్టి ఉంటారో ఆలోచించు. నువ్వు రాయవలసిన కథ ఆ గుడ్డ దగ్గర ఉంది.

రాసే గుమాస్తా చాలా ఊళ్లలో బడిపంతులే. ఇంట్లో ఆ కొండల భాష గేలిక్‌లో ‘మోర్’ అని పిలిచే ఆవిడను ఒకచోట సారా అని, ఇంకోచోట మేరియన్ అని ఇంగ్లీషులోకి దించేవాడు. పంతుళ్ల సంగతి నన్నడుగు. ముప్పై ఏళ్లు హాజరుపట్టీలో పిల్లల ఇంటిపేర్లు నా ఇష్టం వచ్చినట్టు దిద్దినవాణ్ణి.

నాకు ఇంత కోపం ఊరికే రాలేదు. మా అమ్మ వైపు తాత కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లాడు. పాతికేళ్ల వయసులో ఆయన మీద కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ‘తడి చాలలేదు’ అని తిప్పి పంపాడు. రేవులో అమ్మమ్మ కొంగు ఊపుతూ కూలబడినట్టు ఒక పేజీ అంటించాను. అచ్చయింది, బహుమతి కూడా వచ్చింది. మా అమ్మ చదివి, “మా అమ్మ రేవుకు ఎప్పుడు వెళ్లిందిరా? ఆ వేళ నాట్లు. గట్టు మీద అన్నం తింటుంటే ఓడ కదిలిందని ఎవరో చెప్పారు. చెయ్యి కడుక్కుని మళ్లీ మడిలోకి దిగింది” అంది. చెయ్యి కడుక్కోవడం నా కథలో లేదు. ఆ సంపాదకుడు పోయి చాలా కాలమైంది, నాకు మంట మాత్రం తగ్గలేదు. ఈ మధ్య ‘మూలాల అన్వేషణ’ అని పేరు పెడితే చాలు, ఏదైనా అచ్చేస్తున్నారు.

అదే వ్యాసంలో రాస్‌షైర్‌లోని క్రోయిక్ చర్చి గురించి ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. 1845 మేలో గ్లెన్‌కాల్వీ లోయ నుంచి గొర్రెల మేత కోసం వెళ్లగొట్టినవాళ్లు ఆ చర్చి ఆవరణలో తలదాచుకుని, కిటికీ అద్దాల మీద గీశారు. ఏం గీశారు? ఊరి పేరు, తేదీ, ఇక్కడ ఉన్నామన్న మాట. ఒకచోట ‘గ్లెన్‌కాల్వీ ప్రజలు, దుష్ట తరం’ అని. వెళ్లగొట్టినవాణ్ణి తిట్టలేదు, తమనే తిట్టుకున్నారు. అదీ గేలిక్‌లో కాదు, ఇంగ్లీషులో. ఎవరు చదవాలని? ఈ ప్రశ్న నీకెందుకు తట్టలేదు?

నలుగురు పిల్లల నమోదుల్లోనూ తండ్రి ఊరి పేరు నాలుగు రకాలుగా రాసి ఉందని గమనించావు చూడు, ఆ వాక్యం కింద గీత గీశాను. బాగుంది. ఆ రెండు పేజీలూ కొట్టేసి ప్రతి తిప్పి పంపుతున్నాను. ఫ్రీ చర్చి పుస్తకాలు చాలావరకు ఎడిన్‌బరోలో, నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్‌లో ఉంటాయి. ముందు అక్కడ ఐదో బిడ్డను వెతుకు. ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు