ఫీడర్ అటాచ్‌మెంటుకి పేటెంటు వస్తుందా? వీడియో ముందే పెట్టేశామండీ

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను విజయవాడలో ఆఫ్‌సెట్ మెషీన్ల మెకానిక్‌ని. ఏ ప్రెస్సులోనూ జీతానికి లేను, పిలిచిన చోటికి వెళ్తాను. పాత డబుల్ డెమీ సైజు మెషీన్లలో వానాకాలం వస్తే చాలు, కాగితాలు ఒక్కొక్కటే లోపలికి అందించే ఫీడర్ సతాయిస్తుంది. పల్చటి మ్యాప్‌లిథో కాగితం అంచులు వంకర తిరిగిపోయి ఒక పక్క డబుల్ షీట్లు (రెండేసి కలిసి వెళ్లడం), ఇంకో పక్క మిస్ షీట్లు (అసలు అందకపోవడం). దీనికి నేనొక అటాచ్‌మెంటు చేశాను. పైల్ (కాగితాల దొంతర) వెనక రెండు మూలల్లో దాని ఎత్తు పట్టుకునే రెండు పాదాలు విడివిడిగా పెట్టి, ఏ మూల లేచిందో ఏ మూల దిగిందో దాన్ని బట్టి, కాగితాన్ని గాలితో పీల్చి ఎత్తే సక్కర్ల బారు ఆ పక్కకి వంగేలా, ఊదే గాలి కూడా ఆ పక్కే మారేలా ఒక లింకు కలిపాను. నాలుగు ప్రెస్సుల్లో బిగించాను, వాళ్లలో ఇద్దరు డబ్బులిచ్చారు. అయిదు నెలల క్రితం మా అబ్బాయి వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఇప్పుడు స్పేర్ పార్టుల షాపాయన ఒకరు అలాంటిదే చేయించి అమ్ముతున్నారు. మొదట ట్రయల్ వేసిన ప్రెస్ ఓనరుగారేమో ‘నా మెషీన్ మీద చేశావు కాబట్టి సగం నాది’ అంటున్నారు. పేటెంటు వస్తుందా? షాపాయన్ని ఆపొచ్చా? ఓనరుగారికి వాటా ఇవ్వాలా? ఈ మధ్య స్ప్రింగు తీసేసి ఎక్సెంట్రిక్ (నడిమధ్యన కాక పక్కకి జరిగిన ఇరుసు మీద తిరిగే చక్రం) పెట్టి, పల్చటి కాగితం నుంచి అట్ట దాకా ఒకే సెట్టింగుతో నడిచేలా మార్చాను. అది ఇంకా ఎవరికీ చూపించలేదు, వచ్చే వారం ఒక ప్రెస్సులో బిగించాలి.

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, నన్ను కంగారు పెట్టింది మాత్రం ఉత్తరంలో చివరి మాట. వచ్చే వారం బిగించాలన్నారే, అది ఆపండి. ఆ ప్రెస్సు వాళ్లకి ఏదో ఒకటి చెప్పి పది పదిహేను రోజులు వాయిదా వేసుకోండి. ఎందుకో చెప్తాను, కానీ ముందు పాత అటాచ్‌మెంటు సంగతి చూద్దాం.

మన పేటెంటు చట్టం (1970) ప్రకారం అప్లికేషన్ పెట్టిన రోజుకి ఆ విషయం కొత్తదై ఉండాలి. కొత్తది అంటే అంతకుముందు ఎక్కడా అచ్చుకాకూడదు, నలుగురికీ తెలిసేలా వాడకంలోకి రాకూడదు. బయటపెట్టింది పరాయివాళ్లా, మీరేనా అన్నది సాధారణంగా చూడరు. అమెరికాలోనైతే కనిపెట్టినవాడు తనంతట తాను బయటపెట్టాక కూడా ఏడాది గడువు ఉంటుంది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు చెప్పింది విని ఇక్కడా అంతేననుకుని చాలామంది దెబ్బతింటున్నారు. మన దగ్గర అలాంటి గంపగుత్త గడువు లేదు, ఉన్నవన్నీ చిన్న చిన్న మినహాయింపులే. ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో ప్రదర్శిస్తే 12 నెలల్లోపు అప్లై చేసుకోవచ్చు, అది సెక్షన్ 31. ప్రింటింగ్ మెషీన్ల ఎగ్జిబిషన్లు ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి, స్టాల్ పెట్టినంత మాత్రాన ఈ సెక్షన్ వర్తించదు.

మీకు కాస్త పనికొచ్చేది సెక్షన్ 32. అప్లికేషన్ పెట్టే తేదీకి ముందు ఏడాది లోపల మీరుగానీ, మీ అనుమతితో ఇంకొకరుగానీ దాన్ని నలుగురిలో నడిపించినా, అది కేవలం ట్రయల్ కోసమే అయ్యుండి, ఆ ట్రయల్ అలా నలుగురిలో చేయక తప్పని రకం పని అయితే, దాని వల్ల కొత్తదనం పోయినట్టు లెక్కపెట్టరు. ఫీడర్‌ని ఇంట్లో కూర్చుని పరీక్షించలేం కదా, నడుస్తున్న మెషీన్ మీద, అసలు కాగితంతో, అసలు స్పీడులో చూస్తేగానీ తెలియదు. కాబట్టి డబ్బు తీసుకోని రెండు ప్రెస్సుల పని ట్రయలే అని వాదించొచ్చు, గట్టిగానే వాదించొచ్చు. డబ్బు తీసుకున్న రెండింటి దగ్గర మాత్రం చిక్కు. బిల్లు రాశారా? రాస్తే ఏమని రాశారు? ‘అటాచ్‌మెంటు ఖరీదు’ అని రాసుంటే అవతలి లాయరు ఆ ఒక్క కాగితం పట్టుకుని ఇది ట్రయల్ కాదు, వ్యాపారం అంటాడు. నేనైనా అదే అంటాను.

ఇక వీడియో. ఇది ట్రయల్ మినహాయింపులోకి రాదు, నడిపించడం వేరు, నడిపించింది ప్రపంచానికి చూపించడం వేరు. అయితే ఆ వీడియోలో ఏం కనిపిస్తోందన్నదే అసలు ప్రశ్న. మెషీన్ గడగడా నడుస్తూ షీట్లు ఒక్కొక్కటే ఫీడ్ బోర్డు మీదికి జారి ఫ్రంట్ లే (షీటు ముందంచుని ఆపే భాగం) దగ్గర ఆగడం, వెనకాల మీ అబ్బాయి ‘చూడండి, ఒక్క డబుల్ షీటు కూడా లేదు’ అనడం, ఇంతే ఉంటే భయం తక్కువ. ఫలితం చూపించారు, కీలకం చూపించలేదు. అలా కాక కెమెరా దగ్గరికి తీసుకెళ్లి, పాదం లేస్తే లింకు ఇటు తిరుగుతుంది, సక్కర్ల బారు ఇంత వంగుతుంది, గాలి వాల్వు ఇక్కడ మూసుకుంటుంది అని వివరించి ఉంటే, చూసిన ఏ మెకానిక్కైనా చేసేయగలడు. అప్పుడు పాత మోడల్‌కి పేటెంటు ఆశ వదులుకోవడమే మంచిది. వీడియోని ప్రైవేటులో పెట్టించండి, కానీ డిలీట్ చేయించకండి, తేదీతో సహా కాపీ దాచండి. వీడియో లేనట్టు నటించి పేటెంటు తెచ్చుకుంటే అది తర్వాత రద్దవడానికి అదే కారణమవుతుంది. తప్పుడు మాట చెప్పి తెచ్చుకున్న పేటెంటుని రద్దు చేయమని అడిగే హక్కు సెక్షన్ 64 అవతలివాళ్లకి ఇచ్చింది. అసలు రద్దు దాకా పోనవసరం లేదు, అప్లికేషన్ పబ్లిష్ కాగానే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, ఆ షాపాయన దగ్గర మీ వీడియో ఇప్పటికే సేవ్ అయి ఉంటుందనే అనుకోండి.

కొత్తదనం గట్టెక్కినా ఇంకో గడప ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలు చేసే ఒక సంస్థ వాళ్లు లేత్ మీద గిన్నెని పట్టి ఉంచే పద్ధతిని మెరుగుపరిచారు. పని వేగం పెరిగింది, ప్రమాదం తగ్గింది, 1951 నుంచి వర్తించేలా పేటెంటు కూడా వచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1978లో కోర్టు ఆ పేటెంటు చెల్లదంది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు అంటారు, పేటెంటు కేసులు చూసే వాళ్లందరికీ కంఠతా వచ్చిన తీర్పు. ఉన్న వస్తువుని వర్క్‌షాపులో కాస్త బాగుచేసుకోవడం వేరు, ఆ పని తెలిసినవాడికి కూడా తట్టని అడుగు వేయడం వేరు, రెండోదానికే పేటెంటు అని దాని సారాంశం. మన దేశంలో మెకానిక్‌ల తెలివికి అడ్డం పడేది చాలాసార్లు ఈ తీర్పే. చిన్న చిన్న మెరుగుదలలకి జర్మనీలో ఉన్నట్టు యుటిలిటీ మోడల్ అనే చిన్న పేటెంటు ఇక్కడ లేదు. ఉండాల్సింది అని నా అభిప్రాయం, అది వేరే గొడవ.

మీ విషయంలో ఎగ్జామినర్ (పేటెంటు ఆఫీసులో అప్లికేషన్ని పరీక్షించేవాడు) ఏమంటాడో ఊహించొచ్చు. పైల్ ఎత్తు చూసే పాదం స్ట్రీమ్ ఫీడర్లలో (షీట్లని ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా వరసగా పంపేవి) ఎప్పటి నుంచో ఉంది, సక్కర్ల కోణం మార్చే స్క్రూ ఉంది, గాలి తగ్గించే వాల్వు ఉంది, మూడూ ఒకచోట పెట్టావు, ఇందులో గొప్పేముంది అంటాడు. సెక్షన్ 3(ఎఫ్) కూడా చూపిస్తాడు, తెలిసిన పరికరాలు దేని పని అది చేసుకుంటూ ఉండగా వాటిని పక్కపక్కన అమర్చడం ఆవిష్కరణ కాదనేది అందులో ఉంది. దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ దాంట్లో దేని పని అది చేయడం లేదు. మామూలు ఫీడర్‌లో పాదం పైల్ మొత్తాన్ని పైకి లేపమని చెప్తుందే తప్ప ఎడమ మూల, కుడి మూల తేడా చూడదు. ఆ తేడా మెషీన్‌మన్ కంటితో చూసి, మెషీన్ ఆపి, చేత్తో సర్దుతాడు. మీరు ఆ తేడాని రెండు పాదాలతో విడిగా పట్టుకుని, అదే కదలికతో బారునీ గాలినీ కలిపి మార్చారు, ఒకటి మారితే రెండోది మారి తీరాలి. అప్లికేషన్‌లో రాయాల్సింది ఇదే. ‘డబుల్ షీట్లు తగ్గుతాయి’ అని పది సార్లు రాసినా పనికిరాదు. ఎలా తగ్గుతాయో, ఏ భాగం కదిలితే ఏ భాగం కదులుతుందో రాయాలి.

రుజువు కావాలంటే ఇప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ కాగితం, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు), ఆ రోజు గదిలో తేమ ఎంత, ఏ స్పీడు, ఎన్ని ఇంప్రెషన్లకి ఎన్ని డబుల్ షీట్లు, ఎన్ని మిస్ షీట్లు, అటాచ్‌మెంటు ఉండగా ఒకసారి, తీసేసి ఒకసారి. డబుల్ షీటు దూరి బ్లాంకెట్ (కాగితం మీద అచ్చు వేసే రబ్బరు తొడుగు) నొక్కుకుపోయిన రోజులు ఉంటే అవీ రాయండి. ఎగ్జామినర్ ముందు పొగడ్తల కన్నా ఆ పేజీలు నయం.

ఇప్పుడు వచ్చే వారం బిగించబోయే మోడల్. ఎవరికీ చూపించలేదన్నారు, అదే మీ ఆస్తి. స్ప్రింగు బదులు ఎక్సెంట్రిక్, దాని వల్ల అన్ని మందాలకీ ఒకే సెట్టింగు, ఇది వీడియోలో లేదు కాబట్టి కొత్తదే. అయితే ‘పాత వీడియో చూసినవాడికి ఇది సులభంగా తట్టదా’ అని అడుగుతారు, మీ వీడియోనే మీకు ఎదురు సాక్షిగా నిలబెడతారన్నమాట. స్ప్రింగుతో ఎక్కడ ఆగిపోయారో, మామూలుగా ఎవరైనా ముందు ఏం ప్రయత్నిస్తారో, ఎక్సెంట్రిక్ ఆలోచన ఎందుకు ఎదురు దారిలో ఉందో మీరు చెప్పగలగాలి. చెప్పగలిగితే ఇది నిలబడే కేసు.

బిగించే ముందే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (తాత్కాలిక వివరణ పత్రం) వేయండి. బొమ్మలు, వివరణ ఉంటే చాలు, క్లెయిములు (హక్కు ఏ మేరకు కావాలో చెప్పే వాక్యాలు) అక్కర్లేదు. వేసిన రోజు నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయాలి, వేయకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే. మీరు సొంత పేరుతో వేస్తే ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలు, తర్వాత పరీక్షించమని అడిగే ఫారానికి 4,000. ఆంధ్ర, తెలంగాణ వాళ్లకి పేటెంటు ఆఫీసు చెన్నైలో ఉంది, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది కాబట్టి రైలెక్కే పని లేదు. డ్రాఫ్టు మాత్రం పేటెంట్ ఏజెంటుతో రాయించుకోండి. లాయర్లందరూ పేటెంట్ ఏజెంట్లు కారు. సైన్సో ఇంజినీరింగో చదివి, విడిగా పరీక్ష పాసవ్వాలి, నేను కాను. ప్రొవిజనల్‌లో మీ ఒక్క మోడల్ కొలతలే రాసి ఊరుకోకండి. లింకు బదులు కేబుల్ పెడితే, పాదం బదులు సెన్సర్ పెడితే, అవన్నీ కూడా రాయించండి, లేకపోతే పక్కవాడు పాదం తీసి సెన్సర్ పెట్టి ఇది నాది అంటాడు.

ఒక జాగ్రత్త. ‘తక్కువలో పేటెంటు ఇప్పిస్తాం’ అని కొందరు డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించి సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. అది వస్తువు పైకి కనిపించే ఆకారానికే, లోపల పనిచేసే తీరుకి కాదు. మీ అటాచ్‌మెంటు పైకి ఎలా ఉంటే ఎవరికి కావాలి?

షాపాయన విషయానికి వస్తే, ఈరోజున ఆయన్ని ఆపడానికి మీ చేతిలో పేటెంటు హక్కు లేదు. పేటెంటు చేతికొచ్చాకే దావా, అదీ జిల్లా కోర్టుకి తక్కువ కాని కోర్టులో. నష్టపరిహారం మాత్రం అప్లికేషన్ పబ్లిష్ అయిన తేదీ నుంచి అడగొచ్చు. మామూలుగా పబ్లిష్ కావడానికి 18 నెలలు పడుతుంది, తొందరగా కావాలంటే 2,500 కట్టి ముందే చేయించుకోవచ్చు. ఇదంతా కొత్త మోడల్‌ని ఆయన కాపీ కొడితేనే. పాతది ఆయన వీడియో చూసి చేశాడంటే చేయగలిగింది లేదు. కానీ మీరు ‘ఎవరికీ ఇవ్వకండి, తయారు చేయించి ఇవ్వండి చాలు’ అని డ్రాయింగులు ఆయనకి పంపి, ఆయన వాటితోనే సొంతంగా అమ్ముకుంటుంటే కథ వేరు. వ్యాపార రహస్యాలకి మనకి ప్రత్యేక చట్టం లేకపోయినా, నమ్మి చెప్పిన విషయాన్ని దుర్వినియోగం చేస్తే కోర్టులు ఆపుతాయి. అలాంటి వాట్సాప్ సంభాషణ ఉంటే ఫోన్ మార్చకండి, ఫార్మాట్ కొట్టకండి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఆ ఫోన్ ఉంటే పని సులువు.

ఓనరుగారికి సగం రాదు. మెషీన్ ఇచ్చినంత మాత్రాన, టీ ఇప్పించినంత మాత్రాన, కాగితం వేస్టేజీ భరించినంత మాత్రాన ఎవరూ ఆవిష్కర్త కారు. ‘గాలి కూడా దీంతోనే తగ్గించొచ్చు కదా’ లాంటి అసలు ఆలోచన ఆయనదైతేనే ఆయన పేరు పెట్టాలి, అది నిజమైతే దాచకండి. మీరు జీతగాడు కాదు, కాబట్టి ఉద్యోగంలో చేసింది యజమానిదే అనే వాదన కూడా లేదు. మొహమాటపడి ఆయన్ని సహ హక్కుదారుని మాత్రం చేయకండి. సెక్షన్ 50 ప్రకారం ఇద్దరు పేటెంటు హక్కుదారులుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఎవరికి వారు సొంతంగా వాడుకోవచ్చు, కానీ ఒకరి సంతకం లేకుండా ఇంకొకరు బయటివాళ్లకి లైసెన్సు ఇవ్వలేరు. రేపు ఏ మెషీన్ కంపెనీయో మీ దగ్గరికొస్తే ఆయన సంతకం కోసం ఆయన గుమ్మం దగ్గర నిలబడాలి. ఆయన సాయం మర్చిపోలేదని చూపించాలంటే ఆ ప్రెస్సులో ఎన్ని మెషీన్లుంటే అన్నిటికీ ఉచితంగా వాడుకునే లైసెన్సు రాసివ్వండి, ఒక పేజీ చాలు.

ప్రొవిజనల్ నంబరు చేతికొచ్చాకే వాయిదా వేసిన ఆ ప్రెస్సుకి వెళ్లండి. వెళ్లినప్పుడు ఒక చిన్న కాగితం మీద సంతకం తీసుకోండి, ఇది ట్రయల్ కోసం బిగించినది, ఫోటోలు వీడియోలు తీయకూడదు, విప్పి ఎవరికీ చూపించకూడదు అని. బిల్లులో సర్వీసు చార్జీ అని రాయండి, నిజంగా తీసుకుంటున్నది అదే అయితేనే. మీ అబ్బాయికి కూడా ఫోన్ జేబులోనే ఉంచమని చెప్పండి.